డంపింగ్ యార్డు స్థలం కాగితాలు సమాచార హక్కు కింద తీసుకోవడం: దరఖాస్తు విధానం

ఊరి చివర సర్కారు భూమిలో డంపింగ్ యార్డు వస్తోందంటే చాలామంది ముందు ప్రజావాణిలో వినతిపత్రం ఇస్తారు. ఇవ్వండి, తప్పులేదు. కానీ ఆ స్థలాన్ని ఏ కొలతలతో ఎంచారో తెలియాలంటే సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(1) కింద దరఖాస్తు పెట్టాల్సిందే.

ముందు సర్వే నంబరు, బై నంబరుతో (ఉపవిభాగం సంఖ్యతో) సహా పట్టుకోండి. తహసీల్ ఆఫీసులో గ్రామ నక్షా చూస్తే దొరుకుతుంది. "మా ఊరి దగ్గరి యార్డు" అని రాస్తే, అడిగింది స్పష్టంగా లేదన్న జవాబే వస్తుంది.

దరఖాస్తు తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు, కారణం చెప్పనక్కర్లేదు. పైన మున్సిపాలిటీ పౌర సమాచార అధికారి అని రాయండి. ఫీజు 10 రూపాయలు. మండల స్థాయి ఆఫీసుకైతే 5, గ్రామ పంచాయతీకి ఏమీ లేదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆ రుజువు జతచేస్తే ఎక్కడా కట్టనక్కర్లేదు. నగదు కడితే రసీదు తీసుకోండి. కాలుష్య నియంత్రణ మండలికి, భూగర్భ జల శాఖకు విడివిడిగా పెట్టడమే మేలు. తమది కాని దరఖాస్తును 5 రోజుల్లో సంబంధిత ఆఫీసుకు పంపాలని సెక్షన్ 6(3) చెబుతుంది గానీ, ఆ దారిలో కాలమే పోతుంది.

ఎక్కువ దరఖాస్తులు ప్రశ్నల దగ్గరే చెడతాయి. "మా ఊరే ఎందుకు?" అంటే అది సమాచారం కాదంటారు. రికార్డు పేరు పెట్టి అడగండి: ఫలానా సర్వే నంబరుకు 2016 నియమాల కింద మున్సిపాలిటీ కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చిన ఫారం-1 దరఖాస్తు, ఆ మండలి ఇచ్చిన ఫారం-2 అనుమతి, దూరాలు గుర్తించిన స్థల పటం, భూగర్భ జల శాఖ అభిప్రాయం, వీటి నకళ్లు. అక్కడ కట్టేది ఎరువు షెడ్డా, డీఆర్‌సీసీయా (పొడి చెత్త సేకరణ కేంద్రం), ల్యాండ్‌ఫిల్లా (చెత్త పూడ్చే గొయ్యి) అన్నది చూపే మంజూరు ఉత్తర్వు కూడా అడగండి. కింద చెప్పిన దూరాలు ల్యాండ్‌ఫిల్‌వి. ఇది షెడ్డే అని తేల్చేస్తే మీ వాదన అక్కడే ఆగిపోతుంది.

2026 మార్చి వరకు అమల్లో ఉన్న 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ల్యాండ్‌ఫిల్ నదికి 100 మీటర్లు, చెరువుకు, హైవేకి, ఇళ్లకు, తాగునీటి బావులకు 200 మీటర్ల దూరంలో ఉండాల్సి ఉండేది. అడుగున 90 సెంటీమీటర్ల బంకమట్టి, దాని మీద 1.5 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు పరవాల్సి ఉండేది. ఆ మట్టి పొరకు కనీసం 2 మీటర్ల కిందే భూగర్భ జలం ఉండాల్సి ఉండేది.

పటం చేతికొచ్చాక రెండు చూడండి. ఒకటి, చెరువు దూరం ఎక్కడి నుంచి కొలిచారు? మన కుంటలు ఎండాకాలంలో నడిమికి కుంచించుకుపోతాయి. నీళ్ల అంచు నుంచి కొలిస్తే 200 మీటర్లు సులువుగా తేలుతుంది, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి కొలిస్తే తేలకపోవచ్చు. నీటిపారుదల శాఖ ఎఫ్‌టీఎల్ పటం అందుకే అడగాలి. రెండు, నీటిమట్టం రీడింగు తేదీ. మన నల్లగొండ వైపు నీరు నిలిచేది గ్రానైటు పైనున్న మొరం పొరలో, రాతి చీలికల్లో. మే నెలలో లోతుగా కనిపించే నీరు వానల తర్వాత పైకి వస్తుంది. అందుకే అక్టోబరు, నవంబరు రీడింగులు కావాలి. అసలే ఫ్లోరైడుతో అల్లాడిన నల్లగొండ పల్లెల్లో బోర్లలోకి చెత్త మురుగు కూడా దిగితే తాగడానికి ఏం మిగులుతుంది?

ఫైలు పెద్దదైతే, సెక్షన్ 2(జె) కింద స్వయంగా చూస్తామని రాసి, కావలసిన పేజీల నకళ్లే తీసుకోండి. ఏ4 పేజీకి 2 రూపాయలు.

గడువు 30 రోజులు. అది దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకున్నా, అరకొరగా వచ్చినా, ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే ఆఫీసులోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయండి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దానికి అసలు దరఖాస్తు, ఫీజు రసీదు, మొదటి అప్పీలు, వచ్చిన జవాబులు జతచేయాలి కాబట్టి, మొదటి రోజు నుంచే ప్రతిదానికీ జిరాక్సు తీసి, పంపేవన్నీ స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.