పిప్ మొండికేస్తే ఫోర్స్ కొట్టకండి, ఎర్రర్ చదవండి

భీమవరం, ఆకివీడు వైపు ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టు అనగానే రొయ్యల చెరువు దగ్గరికే వెళ్తారు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే సెన్సర్ ఒకటి, గట్టు మీద షెడ్డులో రాస్‌ప్‌బెర్రీ పై బోర్డు ఒకటి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోన్‌కి మెసేజ్. చాలా మంచి పని. కానీ సెన్సర్ బాగానే పనిచేస్తుంది, బండి పిప్ ఇన్‌స్టాల్ దగ్గర ఆగిపోతుంది. (పిప్ అంటే పైథాన్‌కి కావాల్సిన ప్యాకేజీలు, అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్ మూటలు, దించి వేసే పనిముట్టు.) ఎర్ర అక్షరాలు కనపడగానే టెన్షన్ పడి, నెట్‌లో దొరికిన --నో-డెప్స్ అనో --బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అనో, పిప్ అడ్డు చెప్పకుండా నోరు మూయించే ఆప్షన్ తగిలిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. (కమాండ్లు పలికినట్టే రాస్తున్నాను, టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి.)

ముందుగా పైథాన్ -ఎం వెన్వ్ తో ప్రాజెక్టుకి విడిగా ఒక ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు ప్యాకేజీలు మాత్రమే ఉండే ఫోల్డర్) పెట్టుకోండి. డెబియన్ అనే లినక్స్ 12వ వెర్షన్ మీద కట్టిన రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్‌లో సిస్టమ్ పైథాన్‌లోకి పిప్ నేరుగా వేయనివ్వదు, ఎందుకంటే అక్కడి ప్యాకేజీలు ఆప్ట్ (ఓఎస్ సొంత ఇన్‌స్టాలర్) చేతిలో ఉంటాయి, మనం మారిస్తే వేరే పనిముట్లు చెడతాయి. ఇంకో సంగతి, పైథాన్‌లో ఒక ఎన్విరాన్‌మెంట్‌కి ఒక ప్యాకేజీ ఒకే వెర్షన్‌లో ఉంటుంది. రెండు ప్యాకేజీలు దాన్ని వేర్వేరు వెర్షన్లలో అడిగితేనే గొడవ. ఒకే బోదె కింద పక్కపక్క చేలలో ఒకాయన కోతకొచ్చింది నీళ్లు కట్టేయమంటాడు, ఇంకొకాయన ఇప్పుడే ఊడ్చాను వదలమంటాడు. ఇద్దరిదీ న్యాయమే, బోదె ఒక్కటే కావడం చిక్కు.

ఇప్పుడు ఎర్రర్ సంగతి. కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో నంపై==2.0.0, టెన్సర్‌ఫ్లో==2.16.1 అని రాశారనుకోండి (నంపై లెక్కల ప్యాకేజీ, టెన్సర్‌ఫ్లో మెషిన్ లెర్నింగ్ ప్యాకేజీ). పిప్ 'రిజాల్యూషన్ ఇంపాజిబుల్' అని ఆగిపోతుంది, కానీ దాని పైన రెండు లైన్లుంటాయి, అసలు విషయమంతా అక్కడే ఉంది: యూజర్ నంపై 2.0.0 అడిగాడు, టెన్సర్‌ఫ్లో 2.16.1 కి నంపై 2 కంటే తక్కువది కావాలి. అంటే పేచీ పెట్టింది మీరు రాసిన రెండు ఈక్వల్ గుర్తులే. ఆ 2.0.0 నిజంగా అవసరమా, లేక ఎక్కడినుంచో కాపీ కొట్టిన లైనా? అవసరం లేకపోతే నంపై<2 అని వదులు చేయండి, దారి దొరుకుతుంది. 2020 చివర్లో పిప్ 20.3 వచ్చేదాకా పాత పిప్ ఇలాంటి చోట ఏదో ఒకటి వేసేసి ముందుకెళ్లిపోయేది, తర్వాత ప్రోగ్రామ్ ఎప్పుడో కూలేది. ఇప్పుడు ముందే ఆగడం మనకి మేలు.

పిప్ 22.2 నుంచి --డ్రై-రన్ ఉంది. ఏమేం వేస్తుందో చెబుతుంది, వేయదు. ఏ ప్యాకేజీ ఎవరి వల్ల వచ్చిందో తెలియాలంటే పిప్‌డెప్‌ట్రీ వేసుకుని --రివర్స్ --ప్యాకేజెస్ నంపై అని అడగండి, నంపై మీద ఆధారపడ్డవాళ్లంతా వరసగా కనిపిస్తారు. అన్నీ సర్దుకున్నాయా అన్నదానికి పిప్ చెక్.

పిప్ చెక్ బాగుందంటే అంతా బాగున్నట్టే అనుకోవద్దు. ఈ పనిముట్లన్నీ ప్యాకేజీ రాసినవాళ్లు ప్రకటించిన షరతుల్నే నమ్ముతాయి. డేటా పట్టికల ప్యాకేజీ పాండాస్ 2.0.3 వచ్చినప్పుడు నంపై 2 ఇంకా లేదు, అందుకే పైహద్దు రాయలేదు. నంపై 2 వచ్చింది 2024 జూన్‌లో. ఇప్పుడు ఆ పాండాస్ పక్కన నంపై 2 వేస్తే పిప్ చెక్ కిమ్మనదు, ఇంపోర్ట్ చేయగానే 'నంపై డీటైప్ సైజ్ ఛేంజ్డ్' అని కూలుతుంది. ఆ హద్దు మీరే రాసుకోవాలి.

కుదిరిన కూర్పుని అక్కడే బిగించేయండి. కావాల్సిన నాలుగు పేర్లు రిక్వైర్‌మెంట్స్.ఇన్‌లో రాసి పిప్-కంపైల్ (పిప్-టూల్స్ ప్యాకేజీలోది) నడిపితే అన్నిటికీ కచ్చితమైన వెర్షన్లతో ఫైల్ తయారవుతుంది. రస్ట్ భాషలో రాసిన యూవీ అనే పనిముట్టు 2024లో వచ్చింది, యూవీ పిప్ కంపైల్ అదే పని చాలా వేగంగా చేస్తుంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను అదే చెబుతాను. తర్వాత ఒక్కదాన్నే పెంచాలంటే --అప్‌గ్రేడ్-ప్యాకేజ్ ఉంది, మిగతావి కదలవు.

జావాస్క్రిప్ట్ వైపైతే (అక్కడ పిప్ లాంటిది ఎన్‌పీఎం) ఇలాంటి పేచీకే ఈరిజాల్వ్ ఎర్రర్ వచ్చినప్పుడు ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్ తో మొదలుపెట్టండి, షరతుల్ని దాటేసే --లెగసీ-పీర్-డెప్స్ తో కాదు. ఆప్ట్ 'హెల్డ్ బ్రోకెన్ ప్యాకేజెస్' అంటే ఆప్ట్-క్యాష్ పాలసీ చూడండి. వేరే ఓఎస్ రిలీజ్‌కి చెందిన రిపాజిటరీ (ప్యాకేజీల గోదాము) కలిసిపోయి ఉంటే అక్కడే బయటపడుతుంది.

చెరువు గట్టు మీద సిగ్నల్ సరిగా లేకపోతే ఊళ్లోనే దించుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. ల్యాప్‌టాప్‌లో మామూలుగా పిప్ డౌన్‌లోడ్ కొడితే ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కి సరిపడేవే వస్తాయి, బోర్డు మీద ఎక్కవు. 64-బిట్ ఓఎస్ ఉన్న బోర్డుకైతే --ప్లాట్‌ఫామ్ మెనీలినక్స్2014_ఏఆర్చ్64, --పైథాన్-వెర్షన్ 3.11, --ఓన్లీ-బైనరీ=:ఆల్: మూడూ ఇవ్వండి, బోర్డులో పైథాన్ వెర్షన్ అదేనో కాదో ముందే చూసుకోండి. షెడ్డులో పిప్ ఇన్‌స్టాల్ --నో-ఇండెక్స్ --ఫైండ్-లింక్స్ అని ఆ ఫోల్డర్ పేరిస్తే నెట్ జోలికి పోదు. అక్కడినుంచి కదిలేముందు పిప్ చెక్ కొట్టి, ప్రోగ్రామ్‌ని కూడా ఒకసారి పూర్తిగా నడిపి చూడండి.