బ్రేకర్ సరిగా కొట్టడం లేదా? విప్పే ముందు ఇవి చూడండి

కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ (డిమాలిషన్ హ్యామర్) మొరాయించగానే చాలామంది స్క్రూడ్రైవర్ అందుకుంటారు. తొందరపడకండి. ఎక్కువసార్లు తప్పు మెషిన్ లోపల ఉండదు. దానికి కరెంటు తెచ్చే వైరులోనో, ముందు పెట్టిన ఉలిలోనో, మనం పట్టుకునే తీరులోనో ఉంటుంది. అందుకే కింద బయటి కారణాలు ముందు, లోపలివి తర్వాత చెప్పాను.

ఏది చూడాలన్నా ముందు ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు.

అసలు స్టార్ట్ అవ్వడం లేదు

అదే సాకెట్‌లో వేరే పరికరం పెట్టి కరెంటు వస్తోందో లేదో చూడండి. వస్తుంటే, మెషిన్ వైరు హ్యాండిల్‌లోకి దూరే చోట చూడండి. రోజూ వంగి వంగి లోపలి రాగి పోగులు తెగేది అక్కడే, పైకి మాత్రం రబ్బరు బాగానే కనిపిస్తుంది. టేపు చుట్టి సరిపెట్టకండి, వైరు మార్చాల్సిందే.

వైరు బాగుంటే కార్బన్ బ్రష్‌లు (మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న కార్బన్ దిమ్మలు) తీసి చూడండి. చాలావాటి మీద అరుగుదల గీత ఉంటుంది. అక్కడిదాకా అరిగితే రెండూ కలిపి మార్చాలి, ఒక్కటే మారిస్తే ఒత్తిడి సమానంగా ఉండదు. పాతవే తిరిగి పెడుతుంటే ఏ వైపుది ఆ వైపే, తీసిన దిశలోనే పెట్టండి. కొత్తవి వేశాక లోడు లేకుండా కొన్ని నిమిషాలు తిప్పితే అవి రాసుకునే రాగి వలయం (కమ్యుటేటర్) మీద చక్కగా కూర్చుంటాయి.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ట్రిగ్గర్‌ను నొక్కినట్టే ఉంచే స్విచ్ లాక్ వేసి పని చేస్తుండగా కరెంటు పోతుంది, మెషిన్ నేల మీద పెట్టి పక్కకు వెళ్తారు. కరెంటు తిరిగి రాగానే అది తనంతట తానే ఎగిరెగిరి పడుతుంది. కరెంటు పోయిన వెంటనే లాక్ తీయడం, ప్లగ్ పెట్టే ముందు లాక్ ఆఫ్‌లో ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి.

మోటార్ తిరుగుతోంది, దెబ్బ మాత్రం పడటం లేదు

మెషిన్ చెడిపోయిందని ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మోటార్ క్రాంకును తిప్పుతుంది, క్రాంకు పిస్టన్‌ను ముందుకీ వెనక్కీ ఆడిస్తుంది. కానీ పిస్టన్ ఉలిని నేరుగా కొట్టదు. దాని ముందున్న ఉక్కు దిమ్మకీ దానికీ మధ్య చిక్కిన గాలి ఒత్తుకుని ఆ దిమ్మను విసురుతుంది. ఆ దెబ్బే ఉలికి చేరుతుంది. ఉలిని కాంక్రీటుకు ఆనించినప్పుడే అది వెనక్కి జరిగి దిమ్మ తన చోటికి వస్తుంది. ఆనించకపోతే గాలి పక్క రంధ్రాల గుండా పోతుంది, దెబ్బ పడదు. చాలా మెషిన్లను కావాలనే ఇలా తయారుచేస్తారు.

కాబట్టి ముందు ఉలిని గట్టిగా ఆనించి చూడండి. చలి వేళ లోపలి గ్రీజు బిగుసుకుని ఉంటే మొదట్లో దెబ్బ రాదు, కాసేపు తిప్పితే దారికొస్తుంది. ఉలి తోక మీ మెషిన్‌దేనా? ఉలిని పట్టుకునే హోల్డర్ గాడులున్న తోక పట్టే ఎస్‌డీఎస్-మ్యాక్స్ అయితే ఆ రకం, ఆరు పలకల తోక పట్టే హెక్స్ అయితే దాని సైజు హెక్సే పెట్టాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా దెబ్బ లేదంటే పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు వలయాలు (ఓ-రింగ్‌లు) అరిగి గాలి కారుతుండొచ్చు. అది మెకానిక్ పని.

దెబ్బ పడుతోంది కానీ బలం లేదు

ఎక్స్‌టెన్షన్ వైరును అనుమానించండి. 50 మీటర్ల పొడవు, 1 చదరపు మిల్లీమీటరు సైజు ఉన్న రాగి వైరులో 8 ఆంపియర్లు పారితే దాదాపు 14 వోల్టులు వైరులోనే ఖర్చయిపోతాయి. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే 6 వోల్టుల లోపే. వైరు చుట్టను పూర్తిగా విప్పి వాడండి, చుట్టలో వేడి బయటికి పోక ఇన్సులేషన్ కరిగిపోతుంది.

తర్వాత ఉలి మొన చూడండి. మొన నీలం రంగుకు తిరిగితే వేడికి పదును నిలిపే గట్టిదనం పోయినట్టు. సాన పట్టేటప్పుడు కూడా మధ్యమధ్య నీళ్లలో ముంచుతూ పట్టాలి.

ఈమధ్యే గ్రీజు నింపించారా? ఎక్కువైనా దెబ్బ తగ్గుతుంది. కంపెనీ చెప్పిన రకం, చెప్పిన మోతాదే వేయాలి.

ఉలి కాంక్రీటులో ఇరుక్కుంది

మెషిన్‌ను పట్టుకుని అటూ ఇటూ ఊపకండి. హోల్డర్ పాడవుతుంది, ఉలి విరిగి ఎగరొచ్చు. ప్లగ్ పీకి, ఉలిని అక్కడే వదిలి మెషిన్ విడదీయండి. ఇంకో ఉలి బిగించి చుట్టుపక్కల కొట్టండి, ఇరుక్కున్నది దానంతటదే వదులవుతుంది.

నడిమధ్యలో లోతుగా దింపితేనే ఇలా ఇరుక్కుంటుంది. అంచు నుంచి మొదలుపెట్టి, పగిలిన ముక్క విడిపోవడానికి పక్కన ఖాళీ ఉండేలా కొద్దికొద్దిగా వెనక్కి రండి. బరువంతా వేసి నొక్కితే త్వరగా పగలదు, ఉలి వేడెక్కుతుంది, మీ భుజాలు పోతాయి. మెషిన్ బరువును పని చేయనివ్వండి, మీరు దిశ చూసుకోండి.

ఉలి పెట్టిన ప్రతిసారీ ఒకసారి లాగి చూడండి. ఊడి వస్తే లాక్ పడలేదు, లేదా హోల్డర్ అరిగింది. అరిగినదాంతో ఒక్క దెబ్బ కూడా కొట్టొద్దు.

ఆర్‌సీసీబీ ట్రిప్ అవుతోంది

ఆర్‌సీసీబీ అంటే కరెంటు దారి తప్పి లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్. అది పడిపోతే లీకేజీ ఉందని అర్థం: తడి, చిట్లిన వైరు, లోపల పేరుకున్న దుమ్ము లేదా దెబ్బతిన్న వైండింగ్ (మోటార్‌లోని రాగి తీగ చుట్టలు). దాన్ని బైపాస్ చేసి పని కానిచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్నది మీ ప్రాణం కోసమే. మెషిన్‌ను ఆరబెట్టి, వైరు మార్చి చూసినా పడిపోతుంటే సర్వీసుకు ఇవ్వాలి. దుమ్ము అణచడానికి నీళ్లు చల్లాలనుకుంటే శిథిలాల మీద ముందే చల్లండి, మెషిన్ మీద చుక్క పడకూడదు.

గోడలో కరెంటు వైర్లు, పైపులు ఎక్కడున్నాయో ముందే తెలుసుకుని ఆ లైను ఆపేయండి. అయినా ఎప్పుడూ రబ్బరు పట్టు మీదే చేయి ఉండాలి. బరువు మోసే గోడనో స్తంభాన్నో పగలగొట్టాలంటే ఇంజినీరు చెప్పాకే.

బ్రష్‌ల దగ్గర నిప్పులు, కాలిన వాసన

చిన్న నీలి రవ్వలు మామూలే. కమ్యుటేటర్ చుట్టూ నిప్పు వలయంలా కనిపిస్తే వెంటనే ఆపండి. బ్రష్‌లైనా అరిగి ఉంటాయి, ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే భాగం) అయినా షార్ట్ అయి ఉంటుంది. ఉత్త వేడి మాత్రమే అయితే గాలి రంధ్రాల్లో దుమ్ము ఊదేయండి, లోడు లేకుండా కాసేపు తిప్పి చల్లారనివ్వండి.

పని అయ్యాక దగ్గు, చెవుల్లో హోరు, వేళ్లు తిమ్మిరి

ఇవీ లక్షణాలే, మెషిన్‌వి కావు, మీవి. కాంక్రీటు దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేది కంటికి కనిపించనంత సన్నటిది, ముక్కుకు కట్టిన గుడ్డ దాన్ని ఆపలేదు. ఎన్95 లేదా అంతకన్నా మెరుగైన మాస్కు ముఖానికి అంటుకుని ఉండాలి. ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ వస్తే నయం చేసే మందు లేదు. కళ్లద్దాలు, చెవి రక్షణ, ముందు భాగం గట్టిగా ఉండే బూట్లు కూడా తప్పనిసరి.

కంపనానికి యూరప్‌లో రోజుకు 8 గంటల లెక్కన రెండు హద్దులున్నాయి: జాగ్రత్తలు మొదలుపెట్టాల్సింది 2.5, దాటకూడనిది 5 మీటర్లు/సెకను². మీ మెషిన్ మాన్యువల్‌లో కంపనం 10 అని ఉంటే, ట్రిగ్గర్ నొక్కి ఉంచిన సమయం అరగంటకే మొదటి హద్దు, 2 గంటలకు రెండోది వచ్చేస్తుంది. కాబట్టి ఇద్దరు మార్చి మార్చి చేయండి, పట్టు బిగించకండి, చేతులు వెచ్చగా ఉంచుకోండి. చలిలో వేళ్లు తెల్లబడుతున్నా, రాత్రిళ్లు తిమ్మిరి వస్తున్నా బ్రేకర్ పట్టడం ఆపి డాక్టరుకు చూపించండి. ముదిరాక స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.