పెట్టె సంగతి చివర్లో చూద్దాం

పెట్టెకు గీత కూడా పడలేదు. లోపల నేను పంపిన అనలిటికల్ బ్యాలెన్స్ (చాలా చిన్న తేడాలు కూడా పట్టే ల్యాబ్ త్రాసు) మాత్రం పాడైపోయింది. స్విచ్ వేస్తే అంకె ఒకచోట నిలవడం లేదని అవతలివాళ్లు ఫోన్ చేశారు. నాలుగు పొరల బబుల్ ర్యాప్ చుట్టాను, మూడు వైపులా 'జాగ్రత్త' అని రాశాను. తూచే వస్తువు పెట్టే పళ్లేన్ని, అంటే పాన్‌ను, తీసి విడిగా కట్టడం మర్చిపోయాను. దారిలో తగిలిన ప్రతి కుదుపుకూ ఆ పాన్ కింద ఉన్న, బరువును పసిగట్టే తూకం సెల్‌ను పొడుస్తూనే ఉంది.

అందుకే ఇప్పుడు పెట్టె జోలికి పోకముందు పరికరంలో కదిలేవేమిటో వెతుకుతాను. బ్యాలెన్స్‌లో పాన్, దాని కింది సపోర్టు, గాజు తలుపులు. మైక్రోస్కోప్‌లో ఆబ్జెక్టివ్‌లు, ఐపీస్‌లు, స్టేజి. కొన్నిటికి కంపెనీవాళ్లే ట్రాన్స్‌పోర్ట్ లాక్ ఇస్తారు, మాన్యువల్లో చూడండి. ఊడేవి ఊడదీసి విడివిడిగా చుట్టండి. స్క్రూలను జిప్ కవరులో వేసి పరికరానికే టేపుతో అంటించండి. లాక్ వేస్తే 'ఆన్ చేసేముందు లాక్ తియ్యండి' అని కాగితం రాసి పవర్ సాకెట్ మీద అంటించండి. ఇంకెక్కడ పెట్టినా ఎవరూ చదవరు. సాకెట్ మీదుంటే దాన్ని పీకందే ప్లగ్గు పెట్టలేరు.

తర్వాత తడి. హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) పంపులో బఫర్, అంటే ఉప్పులు కలిపిన ద్రావణం, మిగిలిపోతే ఎండి ఉప్పు గట్టిపడుతుంది, సీళ్లను గీరేస్తుంది. ముందు నీళ్లు పంపి కడగండి, ఆ తర్వాతే ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్. వరస తప్పితే ఉప్పు లోపలే పేరుకుంటుంది. ద్రవంలో ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ ఎలక్ట్రోడ్‌ది మాత్రం దీనికి తలకిందుల వ్యవహారం, అది ఎండకూడదు. మూతలో 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ కాస్త పోసి బిగించండి, డిస్టిల్డ్ వాటర్ వద్దు. రక్తమో రసాయనమో తగిలిన పరికరమైతే దాన్ని శుభ్రం చేశామని చెప్పే డీకంటామినేషన్ సర్టిఫికెట్ పెట్టె బయటి కవరులో ఉంచండి. లోపల పెడితే అది చదవడానికే పెట్టె తెరవాలి కదా!

లిథియం అయాన్ బ్యాటరీ ఉంటే కొరియర్‌వాళ్లకు ముందే చెప్పండి. దాన్ని విడిగా విమానంలో పంపితే చార్జింగ్ 30 శాతం దాటకూడదు.

ఇక పెట్టె. ఒకటి కాదు, రెండు. స్థిర విద్యుత్తు పుట్టనివ్వని యాంటీస్టాటిక్ కవరు, తేమ పీల్చే సిలికా జెల్, లోపలి పెట్టె, దాని చుట్టూ అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్ల ఫోమ్, ఆపైన బయటి పెట్టె. బరువైన వాటికి థర్మోకోల్ ఉండలు వాడకండి. కుదుపులకు పరికరం వాటి మధ్యలోంచి మెల్లగా దిగిపోయి అడుగుకు తగులుతుంది. మూసేశాక ఊపి చూడండి, లోపల ఏదైనా కదిలితే మళ్లీ విప్పాల్సిందే. చెక్క పెట్టెలో వేరే దేశానికి పంపుతుంటే దాని మీద ఐఎస్‌పీఎం 15 (చెక్క ప్యాకింగ్‌తో పురుగులు దేశాలు దాటకుండా చూసే అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉందో లేదో చూసుకోండి. పురుగు లేకుండా ఆ చెక్కను లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని 'హెచ్‌టీ' అక్షరాలు చెబుతాయి.

అందుకునేవాళ్లకు ముందే రెండు మాటలు చెబుతాను. పెట్టె రాగానే విప్పొద్దు, ఒక రాత్రి గదిలో ఉంచండి, లేకపోతే చల్లటి పరికరం మీద తేమ పడుతుంది. బ్యాలెన్స్ అయితే మళ్లీ క్యాలిబ్రేట్ చెయ్యండి. భూమ్యాకర్షణ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. భూమధ్యరేఖ దగ్గర సరిచేసిన బ్యాలెన్స్‌ను ధ్రువం దగ్గరికి తీసుకెళ్తే 200 గ్రాముల తూకంరాయి దాదాపు ఒక గ్రాము ఎక్కువ తూగుతుంది. అది చూసి వాళ్లు నా ప్యాకింగ్‌ను తిట్టుకుంటారు.