పాత బుల్లెట్ చిమ్టా బుష్‌లు మార్చుడు ఎట్ల

మన్ననూరు దాటినంక శ్రీశైలం ఘాటుల మలుపు తిప్పితే ముందటి చక్రం ఒక దిక్కు, వెనుక చక్రం ఇంకో దిక్కు పోయినట్టు అనిపిస్తే చాలామంది మొదలు టైరును తిడతరు. తర్వాత షాకప్‌లు మారుస్తరు. రెండూ మార్చినంక గూడ బండి అట్లనే ఊగితే అప్పుడు చిమ్టా బుష్‌లు యాదికొస్తయి. చిమ్టా అంటే వెనుక చక్రాన్ని పట్టుకొని ఫ్రేముకు కలిపే రెండు కాళ్ల చట్రం (స్వింగ్ ఆర్మ్), అది ఫ్రేము కాడ ఇరుసు మీద కదిలే చోట ఉండే గొట్టం ముక్కలే బుష్‌లు. నిజానికి చూసుడు అక్కడికెళ్లే షురూ చేయాలె, అది రెండు నిమిషాల పని.

బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టి, వెనుక చక్రాన్ని రెండు చేతుల పట్టి కుడికి ఎడమకు గుంజుండ్రి. ఒకలు గుంజుతుంటే ఇంకొకలు చిమ్టా ఫ్రేముకు కలిసేకాడ వేలు పెట్టాలె, సగం వేలు ఫ్రేము మీద, సగం చిమ్టా మీద. అక్కడ టక్‌టక్‌మని కదలిక తగిలితే బుష్‌లు పోయినట్టే. చిమ్టా కదలకుండ చక్రం ఒక్కటే ఊగితే అది చక్రం బేరింగు, ఈ పనే అక్కర్లేదు. బుష్ అంచుల కాడ ఎర్రటి తుప్పు పొడి రాలుతున్నా, రబ్బరు నల్లటి ముక్కలై బయటికొస్తున్నా ఇగ అనుమానం వద్దు. మన దిక్కు ఎండలకు రబ్బరు, బండి నడవకున్నా గట్టిపడి పగులుతది. పదేండ్లు కొట్టంల నిలబడ్డ బండికి బుష్‌లు కొత్తగ ఉంటయని అనుకోవద్దు.

బుష్‌లు రెండు తీర్లు. ఒకటి రబ్బరుది: లోపల ఒక ఇనుప గొట్టం, బయట ఒక ఇనుప గొట్టం, నడుమ రెంటికీ అతుక్కున్న రబ్బరు. రెండోది గన్‌మెటల్‌ది (రాగి, తగరం కలిసిన లోహం), దాంట్ల చిమ్టా ఇరుసు రాసుకుంట తిరుగుతది. పాత పోత ఇనుము ఇంజన్ బండ్లల్ల ముందటి ఓనరు ఏది ఏసిండో విప్పితేగాని తెల్వది. అందుకే విప్పకముందే బుష్‌లు కొనకుండ్రి. విప్పి, వెర్నియర్‌తోని కొలిచి, పాతది చేతుల పట్టుకొని పోవాలె. కొత్తవి హైదరాబాద్‌ల పుత్లీబౌలి, జాంబాగ్ దిక్కు స్పేర్ పార్టుల దుకాణాలల్ల అడుగుండ్రి. గన్‌మెటల్ కడ్డీ, బుష్ గుంజేటందుకు చూడీ రాడ్డు (పొడుగంత మరలున్న కడ్డీ) రాణిగంజ్‌ల దొరుకుతయి.

విప్పే ముందటి రాత్రే చిమ్టా ఇరుసు రెండు దిక్కులా తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాలె. పొద్దుగాల చైను, చైను కవరు, బ్రేకు రాడ్డు, చక్రం, షాకప్‌ల కింది బోల్టులు తియ్యుండ్రి. ఇంజన్ కింద చెక్కదిమ్మ పెట్టాలె, లేకుంటే వెనుక బరువు పోయిన బండి ముందటికి వంగుతది. ఇరుసు నట్టు తీసినంక చూడీల మీద సుత్తె దెబ్బ వేస్తే చూడీలు పువ్వు తీరు విచ్చుకొని ఇరుసు మొత్తానికే ఇరుక్కుంటది. నట్టును చివరిదాంక ఎక్కించి, నడుమ ఇత్తడి ముక్క పెట్టి కొట్టుండ్రి. ఎక్కువ మొరాయించేది రబ్బరు బుష్ బండ్లే, లోపలి గొట్టం ఇరుసుకు తుప్పుతోని అతుక్కపోతది. గ్యాస్ మంట పెట్టేదుంటే ట్యాంకు, బ్యాటరీ తీసి దూరం పెట్టినంకనే.

పాత రబ్బరు బుష్ పీకుడే ఈ పనిల అసలు తిప్పలు. కొందరు మంటపెట్టి రబ్బరు కాలుస్తరు, ఆ పొగ మంచిది కాదు, చిమ్టా రంగు గూడ పోతది. డ్రిల్లుతోని రబ్బరుల చుట్టూ తూట్లు వేస్తే లోపలి గొట్టం ఊడి వస్తది. ఇగ బయటి గొట్టం మిగులుతది. హాక్సా బ్లేడును ఫ్రేముకెళ్లి తీసి, చిమ్టా గొట్టంల దూర్చి మళ్ల బిగించి, బయటి గొట్టానికి నిలువుగ ఒక్క గాటు పెట్టాలె. గాటు చిమ్టా లోహంల దిగొద్దు. దగ్గరికొచ్చినంక ఆపి, చిన్న ఉలితోని అంచును లోపలికి మడిస్తే పట్టు వదులుతది.

ఖాళీ గొట్టాన్ని సన్న ఎమరీ కాయిదంతోని తుడువుండ్రి. కొత్తగ పౌడర్ కోటింగ్ చేయించిన చిమ్టా అయితే లోపల పడ్డ రంగు మొత్తం గీకాలె, లేకుంటే బుష్ వంకరగ దిగుతది. షాకప్ కొక్కెం కాడ, అడ్డ గొట్టం వెల్డింగు కాడ పగుళ్లున్నయా చూడుండ్రి. ఇరుసు మీద గోరు గీస్తే మెట్టు తగిలితే ఇరుసు గూడ పోయినట్టే. లేత్ మిషన్ల కొత్తది చేయిస్తే మామూలు మైల్డ్ స్టీల్ వద్దు, ఈఎన్8 అనే గట్టి ఉక్కు అడుగుండ్రి.

కొత్త బుష్‌ను సుత్తెతోని కొట్టకుండ్రి. ఎం12 చూడీ రాడ్డు 30 సెంటీమీటర్లది, రెండు నట్లు, నాలుగు మందం వాషర్లు, బుష్ కన్నా జర లావు రంధ్రమున్న పైపు ముక్క, రెండు 19 నంబరు పానలు ఉంటే చాలు. రాడ్డును చిమ్టా గొట్టంల దూర్చి, ఒక దిక్కు బుష్, ఇంకో దిక్కు పైపు ముక్క పెట్టి నట్టు తిప్పితే బుష్ తిన్నగ లోపలికి గుంజుకపోతది. ఒక చుట్టుకు 1.75 ఎంఎం దిగుతది. రబ్బరు బుష్‌కు వాషరు బయటి గొట్టం అంచునే నొక్కాలె. లోపలి గొట్టాన్ని నొక్కితే రబ్బరు అతుకు అప్పుడే చిరిగి, కొత్త బుష్ బిగించకముందే పాతదైతది. గ్రీజు రాయొద్దు, రబ్బరు ఉబ్బుతది. సబ్బునీళ్లు చాలు. లోపలి గొట్టాలు రెండు దిక్కులా సమంగ బయటికి ఉండాలె. నడుమ బుష్‌లను ఎడంగ ఉంచే గొట్టం (స్పేసర్) ఉండె అంటే దాన్ని మరువకుండ్రి.

గన్‌మెటల్ అయితే బుష్ బయటి కొలత రంధ్రం కన్నా సుమారు 0.05 ఎంఎం ఎక్కువుండాలె. రాత్రంత ఫ్రిజ్‌ల ఐస్ పెట్టెల (ఫ్రీజర్‌ల) ఉంచుండ్రి. 30 ఎంఎం బుష్ దాంట్ల 0.02 ఎంఎం పైచిలుకు కుంచించుకపోతది. ఎండకాలమైతే చిమ్టాను గంటసేపు డాబా మీద పెడితే ఇంకింత సాయం. బుష్ దిగినంక దాని లోపలి రంధ్రం చిన్నగైతది, అందుకే రీమరు (రంధ్రాన్ని గీకి కొలతకు తెచ్చే పనిముట్టు) కొట్టాలె. రెండు బుష్‌లకు ఒకే వరుసల, పొడుగు రీమరుతోని. విడివిడిగ కొడితే ఇరుసు ఒకదాంట్ల తిరిగి, ఇంకోదాంట్ల పట్టేస్తది. ఇరుసుకు 0.03 నుంచి 0.06 ఎంఎం సందు చాలు. గ్రీజు రంధ్రం గ్రీజు ఎక్కించే నిప్పిల్‌కు ఎదురుగ పడ్డదా చూడాలె. లేత్ కాడ పసుపుపచ్చగ మెరిసే కడ్డీ చూపిస్తే అది ఇత్తడి, గన్‌మెటల్ ఎర్రగ ఉంటది. నైలాన్ బుష్ అగ్వకు వస్తది గని నీళ్లు పీల్చి ఉబ్బుతది, వద్దు. షాకప్‌లు పెట్టకముందు చిమ్టాను ఎత్తి వదిలితే తన బరువుకు మెల్లగ కిందికి రావాలె. పక్కకు సందు 0.1 నుంచి 0.2 ఎంఎం మించకుండ షిమ్ వాషర్లు (పలుచటి వాషర్లు) వేయాలె.

రబ్బరు బుష్‌లు ఏడాదికే పోతున్నయంటే తప్పు ఎక్కువశాతం చివరి బిగింపులనే ఉంటది. రబ్బరు రాసుకోదు, మెలి తిరుగుతది. చక్రం గాలిల వేలాడుతుండంగ నట్టు బిగిస్తే లోపలి గొట్టం ఆ స్థితిల ఖాయమైతది. బండి కిందికి దించంగనే రబ్బరు మెలి పడతది, నడిచినంత సేపు అట్లనే ఉంటది. అందుకే ఇరుసు నట్టును మొదలు చేతితోనే పెట్టి, చక్రం, షాకప్‌లు, చైను అన్నీ ఎక్కించి, స్టాండు దించి, ఒకలను సీటు మీద కూసోబెట్టి అప్పుడు గట్టిగ బిగించుండ్రి. లాక్ వాషరు కొత్తది వేయాలె. గన్‌మెటల్‌కు ఈ బాధ లేదు గని గ్రీజు బాధ ఉన్నది: రెండు అంచులకెళ్లి కొత్త గ్రీజు కనిపించేదాంక కొట్టాలె, 1000 కిలోమీటర్లకొకసారి. వానల పొలం బురదల నడిచిన బండికి అంత ఆగొద్దు.

చక్రం తీసిపెట్టినం కాబట్టి చైను మళ్ల సరిచేయాలె, నూలు దారం పట్టి రెండు చక్రాల వరుస చూడాలె. 100 కిలోమీటర్లు తిరిగినంక ఇరుసు నట్టును ఒకసారి పాన పెట్టి చూడుండ్రి. సడలితే బిగించేటప్పుడు మళ్ల మనిషిని కూసోబెట్టాలె.