శుక్లం ఆపరేషన్‌లో కుట్టు వేసే ముందు జాగ్రత్తలు

ముందు కుట్టు అవసరమో కాదో తేల్చుకోండి. 2.2–2.8 మి.మీ. ఫేకో (శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చేసే పద్ధతి) కోత సాధారణంగా స్ట్రోమల్ హైడ్రేషన్‌తోనే, అంటే కోత అంచుల్లోకి ద్రవం ఎక్కించి ఉబ్బిస్తేనే, మూసుకుంటుంది. ఫేకో పరికరం వేడికి కోత అంచు కాలినా, టన్నెల్ (కార్నియాలో, అంటే కంటి ముందున్న పారదర్శక పొరలో, కోత సాగే దారి) పొట్టిదైనా, పసిపిల్లల కన్నైనా మొహమాటం లేకుండా కుట్టు వేయండి.

• అంచును స్పాంజితో ఆరబెట్టి, ఫ్లోరెసిన్ (నీలి వెలుగులో మెరిసే రంగు) వేసి మెల్లగా నొక్కండి. నీలి వెలుగులో పచ్చటి ధార జారితే లీకే.

• కోతలో ఐరిస్ (కంటిలోని రంగు పొర) గానీ విట్రియస్ (కంటి లోపలి జెల్లీ) పోగు గానీ ఇరుక్కోలేదు కదా? కుట్టాక చూస్తే పని రెట్టింపు.

• 10-0 నైలాన్ (చాలా సన్నని కుట్టు దారం), స్పాట్యులా సూది (పక్కల పదునున్న చదునైన సూది) వాడండి. మొన మొద్దుబారితే పక్కన పెట్టేయండి.

• కన్ను మరీ మెత్తగా ఉండగా ముడి వేస్తే బిగింపు ఎక్కువవుతుంది. మరీ గట్టిగా ఉండగా వేస్తే తర్వాత వదులవుతుంది.

అసలు కీలకం లోతు. సూది కార్నియా మందంలో దాదాపు 90 శాతం దిగాలి, కోతకు అటూ ఇటూ సమాన దూరంలో. పైపైన వేస్తే లోపలి అంచు నోరు తెరుస్తుంది. పూర్తిగా గుచ్చుకుపోతే సూది దారిలోనే నీరు కారుతుంది. అతిగా బిగిస్తే ఆ మెరిడియన్‌లో (కుట్టు ఉన్న దిశలో) కార్నియా వంపు పెరిగి ఆస్టిగ్మాటిజం (చూపు మసకబారే దోషం) వస్తుంది. 3-1-1 ముడి (మొదట మూడు చుట్లు, తర్వాత ఒక్కొక్కటి) వేసి, కొసలు పొట్టిగా కత్తిరించి, ముడిని కణజాలంలోకి తిప్పేయండి.

మెహిదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రి లాంటి చోట్లకు జిల్లాల నుంచి వచ్చే పెద్దవాళ్లకు కుట్టు తీసే తేదీ చీటీ మీద రాసివ్వండి. వెంట వచ్చినవాళ్లకూ చెప్పండి: కన్ను గరగరలాడినా, ఎర్రబడినా ఆ తేదీ దాకా ఆగకూడదు. తెగిన నైలాన్ కొస ఇన్ఫెక్షన్‌కు దారి.