అండమాన్‌లోని హావ్‌లాక్ (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) దీవిలో స్కూబా డైవింగ్‌కి దిగే ముందు

- జలుబుగా ఉంటే ఆ రోజు మానుకోండి, కర్ణభేరికే ముప్పు.
- ఉబ్బసం, గుండె జబ్బు ఉంటే డైవ్‌కి ముందు నింపే ఆరోగ్య ఫారంలో దాచకండి.
- నీళ్లలో ఊపిరి ఎప్పుడూ బిగబట్టొద్దు. అన్నిటికంటే ముఖ్యం ఇదే. పైకి వస్తుంటే ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచిస్తుంది. బిగబడితే అవి చిరిగిపోవచ్చు.
- దిగేటప్పుడు నొప్పి మొదలవకముందే ముక్కు మూసి చెవుల్లోకి మెల్లగా గాలి ఊదండి.
- పగడాలను ముట్టుకోవద్దు, ఫిన్స్ (పాదాలకు తొడుక్కునే ఈత రెక్కలు) తగలనివ్వొద్దు. అవి రాళ్లు కావు, ప్రాణమున్నవి. చాలా రకాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పెరుగుతాయి. 1972 వన్యప్రాణి చట్టం రక్షణ వాటికుంది, విరిగిన ముక్క కూడా తెచ్చుకోకండి.
- రాయిలా పడుకునే స్టోన్‌ఫిష్, అందమైన లయన్‌ఫిష్, రెండింటి ముళ్లలోనూ విషముంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఉంచి, ఆసుపత్రికి వెళ్లండి.
- గూడు కాసే టైటాన్ ట్రిగ్గర్‌ఫిష్ తరిమితే పైకి కాదు, పక్కకి ఈదండి.
- తిరుగు విమానం చివరి డైవ్ అయ్యాక కనీసం 18 గంటలకు ఉండాలి.