నడుము ‘కలుక్కు’మంటే ఇంగ్లీషులో ఏమనాలి?

‘ట్వింజ్’ అనే మాటకు ‘నొప్పి’ అని అర్థం రాసుకుని వదిలేయకండి. నీళ్ల బిందె ఎత్తబోతే నడుము కలుక్కుమంటుందే, అదే ట్వింజ్. ఒక్క క్షణం వచ్చి పోతుంది. తప్పు చేశామని లోపల కలుక్కుమన్నా ఇదే మాట. ‘పాంగ్’ దీనికి దగ్గరి చుట్టమే కానీ, ఎక్కువగా ఆకలికీ మనసు బాధకీ వాడతారు. కత్తితో పొడిచినట్టుంటే ‘స్టాబింగ్’. పుచ్చిన పన్ను రాత్రంతా నాడి కొట్టుకున్నట్టు సలిపితే ‘త్రాబింగ్’.

డాక్టరు దగ్గర ఉత్త ‘పెయిన్’ అని ఊరుకోకుండా ఈ తేడా చెప్పండి, తెలుగులోనైనా సరే. ముఖ్యంగా ఛాతీ విషయంలో. గుండెపోటు అంటాం కానీ చాలామందికి అది పోటులా ఉండదు, బరువు పెట్టినట్టో బిగించినట్టో ఉంటుంది. అలా అనిపిస్తే మాటలు వెతుక్కోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.